అమ్మతో కూర్చుని చూసిన ఇన్యూట్ షార్ట్ ఫిల్మ్స్

కెనడాలో నేషనల్ ఫిల్మ్ బోర్డ్ అని ప్రభుత్వ సంస్థ ఒకటుంది, 1939 నుంచీ సినిమాలు తీస్తోంది. వాళ్ళ సైట్‌లో కెనడా ఉత్తరాన మంచు ప్రాంతంలో ఉండే ఇన్యూట్ ప్రజల గురించి బయటివాళ్ళు తీసినవీ, ఇన్యూట్ వాళ్ళే తీసుకున్నవీ కలిపి వందకు పైనే ఉన్నాయి. నాలుగైదు నిమిషాలవి కూడా ఉన్నాయి, అరగంటవీ ఉన్నాయి. అక్కడ నేను చూసినవాటిలో దేనికీ డబ్బు కట్టలేదు, అకౌంట్ కూడా తెరవలేదు, నేరుగా ప్లే నొక్కితే వచ్చేసింది. అందుకే ఈ రివ్యూ రాయాలనిపించింది. ఇంత మంచి సరుకు ఉచితంగా ఉందని మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో మరి.

సంక్రాంతికి ఊరెళ్ళి అమ్మని నాతోపాటు హైదరాబాద్ తీసుకొచ్చాను. నెల పదిహేను రోజులు ఉంది. రాత్రి భోజనాలయ్యాక ఒకటీ రెండూ చొప్పున ఇద్దరం కలిసి చూశాం. అమ్మ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మాది ఉప్పాడ పక్కన సముద్రం ఒడ్డున ఊరు, తాతయ్య, నాన్న అందరూ వేటకెళ్ళినవాళ్ళే, అమ్మ చేపలు కోసి ఎండబెట్టి గంపలో పెట్టుకుని ఊళ్ళంట తిరిగి అమ్మింది. మా వైపు చేపలు పట్టడానికి వెళ్తున్నాం అనరు, వేటకెళ్తున్నాం అంటారు. ఈ సినిమాల్లో ప్రతి రెండో మాటా వేటే. సబ్‌టైటిల్‌లో హంటింగ్ అని వచ్చినప్పుడల్లా నేను వేట అని చెబుతుంటే అమ్మకి అది తుపాకీ పట్టుకుని అడవిలోకి పోవడంలా కాకుండా తనకి తెలిసిన పనిలాగే వినిపించింది. నేను ఒక్కదాన్నే చూసుంటే నాకు ఇందులో సగం కూడా అర్థమయ్యేది కాదు.

స్కూల్లో ఎస్కిమోలు అని చదువుకున్నామే, వాళ్ళే వీళ్ళు. కెనడాలో ఆ పాత పేరు ఇప్పుడు వాడరు, చాలామంది ఇన్యూట్ వాళ్ళు దాన్ని ఇష్టపడరు కూడా. ఇన్యూట్ అంటే వాళ్ళ భాషలో మనుషులు అని అర్థం, ఒక్కరైతే ఇనుక్. 2021 జనాభా లెక్కల ప్రకారం కెనడాలో వాళ్ళు 70 వేల మంది. కెనడా ఉత్తరాన ఉన్న నునావుత్ ప్రాంతంలో 25 ఊళ్ళుంటే వాటిలో బేకర్ లేక్ ఒక్కటే సముద్రానికి దూరంగా లోపల ఉంది, మిగతావన్నీ ఒడ్డు ఊళ్ళే. పాఠంలో మనకి మంచు ఇల్లు చూపించారు గానీ వీళ్ళు ముందు సముద్రం మనుషులు అన్న ముక్క చెప్పలేదు.

మేం మొదలుపెట్టింది పాతవాటితో. 1949లో వచ్చిన పది నిమిషాల సినిమా ఒకటుంది, ఇగ్లూ కట్టడం ఎలా అని. ఇద్దరు మనుషులు, ఒక కత్తి, చుట్టూ మంచు, అంతే. గంటన్నరలో ఇల్లు లేచి నిలబడుతుంది. లోపలి వెచ్చదనానికీ బయటి గాలికీ మంచు దిమ్మెలు ఒకదానికొకటి అతుక్కుపోయి గట్టిపడతాయని చెబుతారు. బాగుంటుంది, చూడండి. కాకపోతే మొత్తం ఒక ఇంగ్లీష్ గొంతు చెబుతూ ఉంటుంది, కడుతున్నవాళ్ళ నోట ఒక్క మాట కూడా మనదాకా రాదు.

ఆ తర్వాత నెట్సిలిక్ అనే ఇన్యూట్ తెగ మీద తీసిన సీరీస్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇప్పుడు కుగారుక్ అంటున్న ఊరిని అప్పట్లో పెల్లీ బే అనేవాళ్ళు, అక్కడ 1963 నుంచి 1965 దాకా షూట్ చేసి 1967లో బయటికి తెచ్చారు. అరగంట చొప్పున 21 భాగాలు. వ్యాఖ్యానం లేదు, మ్యూజిక్ లేదు. గాలి చప్పుడు, నీళ్ళ చప్పుడు, కుక్కల అరుపులు, మధ్యమధ్యలో వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకునే మాటలు. ఆ మాటలకి సబ్‌టైటిల్స్ కూడా లేవు. మొదటి పది నిమిషాలు ఇదేంటి ఏమీ చెప్పరేంటి అనిపిస్తుంది. తర్వాత అదే గొప్పగా ఉంటుంది, ఎందుకంటే వినడానికి ఏమీ లేనప్పుడు కళ్ళు ఇంకా జాగ్రత్తగా చూస్తాయి. ఇంగ్లీష్ రాని మా అమ్మకి నా అవసరం లేకుండా పోయింది.

అందులో రాళ్ళ కట్ట దగ్గర చేపల వేట అని రెండు భాగాలున్నాయి. ఎండాకాలం, మంచు కరిగి నేల బయటపడింది, చేపలు ఏరులో ఎదురెక్కి పైకి వస్తున్నాయి. మగవాళ్ళు ఏట్లోకి దిగి రాళ్ళు ఎత్తి పేర్చి కట్ట కడతారు, చేపలు లోపలికొచ్చి చిక్కుకునేలా. గడ్డకట్టించే నీళ్ళవి. కట్టయ్యాక మూడు మొనల ఈటెతో పొడుస్తారు, దాన్ని కకివాక్ అంటారట. మధ్య మొన చేపలోకి దిగుతుంది, పక్కల రెండూ చేప జారిపోకుండా పట్టుకుంటాయి. పొడిచిన చేపనల్లా తోలు తాడుకి గుచ్చుకుంటూ పోతారు, చివరికి ఆ దండని నీళ్ళలోంచి ఒడ్డుకి లాగడానికి మనిషి బలమంతా పెట్టాలి. ఆ లాగే చోట అమ్మ మంచం మీద నుంచి ముందుకి జరిగి కూర్చుంది.

తర్వాత ఆడవాళ్ళు ఆ చేపలు కోస్తారు. వాళ్ళ కత్తిని ఉలు అంటారు, అర్ధచంద్రంలా ఉంటుంది, పిడి వెనక కాకుండా పైన ఉంటుంది. అమ్మ రిమోట్ తీసుకుని ఆపమంది. నేను ఆపాను. "చూడమ్మాయ్, అది బొటనవేలు ఎక్కడ పెట్టిందో, తోకవైపు నుంచి వెన్నెముక్కని ఆనించి లాగేస్తోంది, ముక్క పాడవదు" అంది. నేను ఆ సీన్ అప్పటికి ఒకసారి చూసేశాను, నాకు ఒకావిడ చేప కోస్తోంది అన్నంతవరకే కనిపించింది. ఆ తర్వాత ఆ ముక్కని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాం. అదే భాగంలో ఆవిడ ఒక తిత్తి ఊది పిల్లకి బుడగ చేసిచ్చేది కూడా ఉంది, ఎవరూ దాన్ని పెద్ద విషయంగా చూపించరు, పని మధ్యలో అలా జరిగిపోతుంది.

ఇప్పుడు దీని లోటు కూడా చెప్పాలి. ఇది అప్పటి వాళ్ళ జీవితం కాదు. 1963 నాటికే వాళ్ళ దగ్గర తుపాకులున్నాయి, బయటి ప్రపంచంతో రాకపోకలున్నాయి. తెల్లవాళ్ళ ప్రభావం పడక ముందు తాతల కాలంలో ఎలా బతికారో అలా చేసి చూపించమని అడిగితే చేసి చూపించారు. ఆ పనులు అప్పటికింకా చేతుల్లో ఉన్నాయి కాబట్టి చేయగలిగారు, అది వేరే. కానీ సినిమా మనకి ఆ సంగతి తనంతట తాను చెప్పదు. చూసేవాళ్ళు 1960ల్లో కూడా ఇలాగే ఉన్నారనుకునే ప్రమాదం ఉంది. వీటిని తర్వాత అమెరికా స్కూళ్ళలో ఒక పాఠ్యక్రమంలో భాగంగా చూపిస్తే పెద్ద గొడవై 1975లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ దాకా వెళ్ళింది. పిల్లలకి చూపించేటట్టయితే ఈ విషయం ముందు చెప్పి చూపించండి.

ఇక్కడే నాకు ఇగ్లూలిక్ వాళ్ళు పనికొచ్చారు. ఇగ్లూలిక్ అని నునావుత్‌లో ఒక ద్వీపం ఊరు. 1970ల్లో ఊరికి టీవీ ఇస్తాం అంటే ఓటు వేసి మరీ వద్దన్నారు, 1975లో ఒకసారి, 1979లో ఇంకోసారి. టీవీలో వచ్చేదంతా ఇంగ్లీషే, మా భాషలో ఒక్క ముక్క లేదు, అది వస్తే మా పిల్లల నోట మా మాట పోతుంది అని. 1983లో, ఇన్యూట్ భాషలో కార్యక్రమాలు మొదలయ్యాకే ఒప్పుకున్నారు. ఆ ఊరి జకరియాస్ కునుక్ రాతి బొమ్మలు చెక్కేవాడు, 1981లో మాంట్రియల్ వెళ్ళి తన బొమ్మలు అమ్మి ఆ డబ్బుతో వీడియో కెమెరా కొనుక్కొచ్చాడు. 1990లో స్నేహితులతో కలిసి ఇసుమా అని కంపెనీ పెట్టాడు. 2001లో వీళ్ళు తీసిన పెద్ద సినిమా అటనార్జువాత్‌కి కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో, దర్శకుల మొదటి సినిమాకిచ్చే కెమెరా దోర్ బహుమతి వచ్చింది. 2008 నుంచి ఇసుమా టీవీ అని వాళ్ళ సైట్ ఉంది, అదీ ఉచితమే.

అందులో సపూటి అని 1993 నాటిది, అరగంట. సపూటి అంటే చేపల కోసం కట్టే రాళ్ళ కట్ట. అదే పని! నెట్సిలిక్ సినిమాలో చూసిన అదే రాళ్ళు, అదే ఏరు, అవే ఈటెలు. ఇది కూడా పాతకాలాన్ని మళ్ళీ చేసి చూపించిందే, 1930ల నాటి కథగా తీశారు. మూడు కుటుంబాలు కట్ట కట్టి చేపల కోసం ఎదురుచూస్తాయి. కానీ ఇక్కడ కెమెరా వెనకా వాళ్ళే, ముందూ వాళ్ళే. తేడా మొదటి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. వీళ్ళు మాట్లాడుకుంటారు. ఆ మాటలు మనకి అర్థమవుతాయి, కింద సబ్‌టైటిల్స్ వస్తాయి. ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. మొదటిదాంట్లో పని చూశాం, ఇందులో పని చేసుకుంటున్న మనుషుల్ని చూశాం. రెండూ వెంటవెంటనే చూడండి, మొదట 1967ది, తర్వాత 1993ది. నేను ఈ రివ్యూలో ఇంకేమీ చెప్పకపోయినా ఈ ఒక్క సలహా ఇచ్చి ఊరుకునేదాన్ని.

ఇసుమా సైట్‌లో వెతుక్కోవడానికి మాత్రం ఓపిక కావాలి. వేల వీడియోలు, ఎన్నో ఆదివాసీ భాషలవి. మీకు తెలిసిన పేరుతో వెళ్తే పని తేలిక. 1994, 1995ల్లో తీసిన నునావుత్ అనే 13 భాగాల సీరీస్‌తో మొదలుపెట్టొచ్చు, అవి కూడా అరగంట చొప్పునే. 1945, 46 నాటి ఇగ్లూలిక్ కుటుంబాల కథ.

ఇప్పుడు కొత్తవి. లాబ్రడార్ తీరం కెనడాకి తూర్పు చివర ఉంటుంది, అక్కడి ఇన్యూట్ వాళ్ళ ప్రాంతం పేరు నునాత్సియావుత్, 2005లో స్వపరిపాలన వచ్చింది. ఆ తీరం వాళ్ళ చేతే వాళ్ళ కథలు తీయించాలని ఫిల్మ్ బోర్డ్ పూనుకుంటే వచ్చిన పొట్టి డాక్యుమెంటరీలు కొన్నున్నాయి. వాటిలో నాకు బాగా నచ్చినది నలుయుక్ నైట్. 2021, జెన్నీ విలియమ్స్ తీసింది, 13 నిమిషాలు, మొత్తం బ్లాక్ అండ్ వైట్. నెయిన్ అనే ఊరు, రోడ్డు లేదు, విమానంలో వెళ్ళాలి లేదా సముద్రం తెరుచుకున్నప్పుడు పడవలో. ఏటా జనవరి 6 రాత్రి గడ్డకట్టిన సముద్రం మీద నుంచి నలుయుక్‌లు ఊళ్ళోకి నడిచొస్తారు. ఒంటినిండా బొచ్చు తోళ్ళు, ముఖానికి జంతువో పుర్రెనో తెలియని ముసుగులు, చేతుల్లో కర్రలు. పిల్లల్ని ఆపి బుద్ధిగా ఉన్నావా అని అడుగుతారు, పిల్లలు తమ భాషలో పాట పాడాలి, పాడితే చెయ్యి కలుపుతారు. పెద్దపిల్లలనైతే వీధుల్లో తరుముతారు.

ఇందులో భయమూ ఉంది, సంబరమూ ఉంది, రెండూ ఒక్క పిల్లాడి ముఖంలోనే కనిపిస్తాయి. దసరాకి పులివేషం వాళ్ళు డప్పుతో వీధి మొదట్లోకి రాగానే తలుపు వెనక దాక్కుని సందులోంచి చూసేదాన్ని నేను, వెళ్ళిపోతే ఏడ్చేదాన్నట. వెంటనే అదే గుర్తొచ్చింది. సినిమా ఈ ఆచారం ఎక్కడ పుట్టింది, ఎందుకొచ్చింది అని పాఠం చెప్పదు. ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు కదా, ఊరి మనిషి తీసిన సినిమా అది, మనల్ని కూడా ఆ వీధిలో నిలబెట్టేసింది. 2022లో కెనడియన్ స్క్రీన్ అవార్డుల్లో ఉత్తమ పొట్టి డాక్యుమెంటరీ బహుమతి దీనికే వచ్చింది.

అదే తీరం నుంచి హెబ్రాన్ రీలొకేషన్. తీసింది హాలీ ఆండర్సన్, మాకోవిక్ ఊరి అమ్మాయి. లాబ్రడార్ ఉత్తరాన హెబ్రాన్ అని మొరేవియన్ చర్చివాళ్ళ పాత మిషన్ ఉన్న ఊరు. 1959లో ఈస్టర్ రోజుల్లో జనాన్ని చర్చిలో కూర్చోబెట్టి ఊరు మూసేస్తున్నాం, అందరూ దక్షిణానికి వెళ్ళిపోవాలి అని చెప్పారు. చర్చిలో ఎదురు మాట్లాడటం వాళ్ళ పద్ధతి కాదు, అందుకే అక్కడ చెప్పారని తర్వాత పెద్దలు అంటూ వచ్చారు. నెయిన్, హోప్‌డేల్, మాకోవిక్ ఊళ్ళకి చెదిరిపోయారు. కొత్త చోట ఏ మలుపు దగ్గర సీల్ అనే సముద్ర జంతువు దొరుకుతుందో, ఏ ఏట్లో చేప ఎక్కుతుందో తెలియదు, మంచి చోట్లన్నీ ముందునుంచీ అక్కడున్నవాళ్ళవి. రాష్ట్ర ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2005లో, అంటే 46 ఏళ్ళకి.

సినిమా గొంతు పెంచదు. మాకోవిక్‌లో పెరిగిన ఒకమ్మాయి, తన ఊరికి అలా వచ్చి చేరినవాళ్ళ సంగతి తెలుసుకుంటూ, ఇల్లు అంటే ఏంటి అని అడుగుతుంది. నేను ఇది అమ్మకి చూపించాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. ఉప్పాడ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, సముద్రం కోతకి వరసలకి వరసలు ఇళ్ళు పోయాయి, అమ్మమ్మ వాళ్ళ ఇల్లు అలా పోయిందే. చూపించాను. అమ్మ అయిపోయేదాకా ఏమీ అనలేదు, అయ్యాక మాత్రం "మనల్ని సముద్రం లేపింది, వీళ్ళని మనుషులు లేపారు" అంది. ఆ రాత్రి ఇంకోటి పెట్టలేదు.

అమ్మ అడిగిన ఇంకో ప్రశ్న, వాళ్ళకీ వేట బంద్ ఉంటుందా అని. మనకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఉంటుంది, చేప గుడ్లు పెట్టే కాలమని. అక్కడ జరిగింది వేరు. సీల్ పిల్లల్ని చంపుతున్నారని యూరప్‌లో ఉద్యమాలు వచ్చి 1983లో పిల్ల సీల్ తోళ్ళ దిగుమతి ఆపారు, 2009లో మొత్తం సీల్ సరుకు మీదే నిషేధం పెట్టారు. రెండుసార్లూ ఇన్యూట్ వాళ్ళకి మినహాయింపు ఉందన్నారు, కానీ కొనేవాడే లేకపోతే మినహాయింపు ఏం చేసుకుంటారు, తోలు ధర పడిపోయింది. ఇది బాగా అర్థం కావాలంటే అలీథియా ఆర్నాకక్ బారిల్ తీసిన యాంగ్రీ ఇనుక్ చూడాలి, 2016ది. అది పొట్టిది కాదు, గంటన్నరకి కాస్త తక్కువ. ఈ రివ్యూలో చేర్చకూడదు నిజానికి, కానీ అది చూశాక ఈ చిన్న సినిమాల్లో సీల్‌ని కోసే సీన్లు వేరేలా కనిపిస్తాయి. రక్తం చూడలేనివాళ్ళు ఉంటే ముందే చెబుతున్నాను, వీటిలో మాంసం కోయడం దాచరు, పచ్చిగా తినడం కూడా చూపిస్తారు.

యాంగ్రీ ఇనుక్ తీసినావిడే 2010లో లుమాజూక్ అని ఒక యానిమేషన్ చేసింది, ఏడెనిమిది నిమిషాలు. గుడ్డి పిల్లాడు, వాణ్ణి ఏడిపించే తల్లి, చూపు తెప్పించే లూన్ అనే నీటి పక్షి, ఆ తర్వాత పగ. నార్వాల్ అనే కొమ్ము తిమింగలం ఎలా పుట్టిందో చెప్పే కథ. బొమ్మలు చాలా అందంగా ఉంటాయి గానీ కథ చీకటిగా ఉంటుంది, బాగా చిన్నపిల్లలకి వద్దు. పిల్లలకైతే అదే ఏడాది పాపాట్సీ అనే ఇంకొకరు చేసిన కలుపాలిక్ పెట్టండి, మాట వినని పిల్లల్ని ఎత్తుకుపోయే సముద్రపు బూచి కథ, ఐదు నిమిషాలు. మంచు పగుళ్ళ దగ్గరికి పిల్లలు వెళ్ళకూడదని పుట్టిన భయం అది, మా అమ్మలు అల పెద్దగా ఉన్న రోజు చెప్పిన కథల్లాంటిదే.

అసిన్నజాక్ తీసిన త్రీ థౌజండ్, 2017, 14 నిమిషాలు, ఇది కాస్త కష్టమైనది. ఆవిడ ఇనుక్జువాక్ మనిషి, ఇన్యూట్ వాళ్ళ మీద బయటివాళ్ళు తీసిన 1922 నాటి నానూక్ ఆఫ్ ద నార్త్ సినిమా తీసిన చోటది. ఫిల్మ్ బోర్డ్ గోడౌన్‌లోని పాత రీళ్ళన్నీ తిరగేసి, బయటివాళ్ళు తీసిన ఆ ముక్కల్ని తన చేతులతో మళ్ళీ కూర్చి, చివర్లో యానిమేషన్‌తో రాబోయే కాలాన్ని ఊహించింది. మిగతావి కొన్ని చూశాకే దీని దగ్గరికి వెళ్ళండి. ముందే చూస్తే బొమ్మలు బాగున్నాయి అనుకుని వదిలేస్తారు, నేను అలాగే వదిలేశాను, చివర్లో మళ్ళీ చూశాక గానీ నచ్చలేదు. ఒకప్పుడు ఎవరో చూసిన మనుషుల్ని ఇప్పుడు సొంత మనవరాలు చూస్తున్నట్టుంది.

ఫిల్మ్ బోర్డ్‌వీ, ఇసుమావీ కాకుండా బయట దొరికినవి రెండు. ఒకటి త్రోట్ సింగింగ్ ఇన్ కంగిర్సుక్, ఈవా కౌకాయ్, మానన్ చాంబర్లాండ్ అనే ఇద్దరు అమ్మాయిలు చేసింది, మూడు నిమిషాల పైచిలుకు, 2019లో అమెరికాలోని సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేశారు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి గొంతులోంచి ఊపిరితో పాడతారు, ముందు ఎవరు నవ్వితే వాళ్ళు ఓడినట్టు. పాట సాగుతుంటే వాళ్ళ ఊరి ఋతువులు కనిపిస్తుంటాయి. ఇంత చిన్నదే కాబట్టి ఎవరికైనా పంపాలంటే నేను దీన్నే పంపుతున్నాను. రెండోది సికుమి, 2008, అలాస్కా ఉత్తర కొసలో, 15 నిమిషాలు, ఆండ్రూ ఒక్పేహా మెక్లీన్ తీసింది. మంచు మీద వేటకెళ్ళినవాడు ఒక హత్య కళ్ళారా చూస్తాడు, చంపినవాడూ చచ్చినవాడూ ఇద్దరూ తెలిసినవాళ్ళే. చిన్న ఊళ్ళో పెరిగినవాళ్ళకి అందులో ఉన్న టెన్షన్ ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు.

తెలుగు సబ్‌టైటిల్స్ ఎక్కడా లేవు, ఇంగ్లీష్, ఫ్రెంచ్ ఉన్నాయి. ఇంట్లో ఇంగ్లీష్ రాని పెద్దవాళ్ళుంటే నెట్సిలిక్‌వి, పాటది, యానిమేషన్‌వి ముందు పెట్టండి. చిన్న ఫోన్‌లో కాకుండా టీవీకి కలిపి చూస్తే మంచిది, మంచు మీద మనుషులు చాలా చిన్నగా కనిపిస్తారు, ఫోన్‌లో అయితే చుక్కల్లా ఉంటారు. ఒక రాత్రికి రెండుకి మించి వద్దు.

నలుయుక్ నైట్ మాత్రం లైట్లన్నీ ఆర్పేసి సౌండ్ పెంచి చూడండి. మంచు నలిగే అడుగుల చప్పుడు ముందు వినిపిస్తుంది, వాళ్ళు కనిపించేది ఆ తర్వాతే.